రైలు కూత వస్తుంది, గాలి రాదు

కిందటి చలికాలంలో ఎనిమిదో తరగతికి ధ్వని పాఠం మొదలుపెట్టిన రోజున ఒక అమ్మాయి లేచి అడిగింది. "సార్, రాత్రిపూట కాజీపేట స్టేషన్ల రైలు కూత మా ఇంటికి ఇనవడ్తది. మరి ఆ కూత ఊదిన గాలి గూడ మా ఇంటిదాంక ఒస్తదా?"

వెనక బెంచీలో ఇద్దరు నవ్వారు. నాకు మాత్రం ఆ పిల్లకు దండం పెట్టాలనిపించింది. పౌనఃపున్యం నిర్వచనాన్ని పొల్లు పోకుండా అప్పజెప్పే పిల్లలు కూడా మనసులో మాత్రం ధ్వనిని ఒక వస్తువులాగే ఊహించుకుంటారు. అది నోట్లోంచి బయలుదేరి, గాలిలో ఎగురుకుంటూ వచ్చి, చెవిలో దూరుతుందని అనుకుంటారు. పెద్దవాళ్లలోనూ చాలామంది ఊహ ఇదే. పాఠం మొత్తంలో చిక్కుముడి అక్కడే ఉంది. అది విడిపోతే మిగతావన్నీ దారంలా వస్తాయి.

బోర్డు మీద లెక్క వేశాం. ఆ పిల్ల ఇల్లు స్టేషన్‌కు సుమారు 4 కిలోమీటర్లు. 20 డిగ్రీల వేడిలో ఉన్న గాలిలో ధ్వని సెకనుకు 343 మీటర్లు పోతుంది. అంటే కూత 12 సెకన్లలోపే ఇల్లు చేరుతుంది. ఇదే వేగాన్ని బస్సు వేగంలాగా చెప్పుకుంటే గంటకు 1,235 కిలోమీటర్లు. ఎండాకాలం చివర్లో గంటకు 100 కిలోమీటర్ల ఈదురుగాలి వస్తేనే వేపకొమ్మలు విరుగుతాయి, ఇంటి మీది రేకులు లేచిపోతాయి. కూతతో పాటు గాలి కూడా అంత వేగంగా వచ్చేదైతే ఒక్క రైలు పోయేసరికి ఊళ్లో ఇల్లు మిగలదు. కూత వచ్చినప్పుడు కిటికీ కర్టెన్ కూడా కదలదు. కాబట్టి గాలి రాలేదు. మరి వచ్చిందేమిటి?

మేడారం జాతరలో గద్దెల దగ్గరికి పోయే క్యూలైన్లో నిలబడ్డవాళ్లకు దీని జవాబు ఒంటికి తెలిసే ఉంటుంది. ఇనుప పైపుల మధ్య మనుషులు ఒకరి వెనక ఒకరు ఉంటారు. ఎక్కడో వెనక ఒకాయన ముందుకు తోస్తాడు. ఆయన ముందున్నామె తూలి తన ముందున్నాయన మీద పడుతుంది. ఆయన ఇంకొకరి మీద పడతాడు. అలా ఆ తోపు వందమందిని దాటుకుంటూ లైను మొదటిదాకా పోతుంది. తూలినవాళ్లంతా మళ్లీ వెనక్కి సర్దుకుని తమ చోట్లోనే నిలబడతారు. తోసినాయన గద్దెల దగ్గరికి చేరలేదు, ఆయన తోపు చేరింది.

గాలి కూడా అలాంటి లైనే. రైలు హారన్‌లో ఒక పలచటి లోహపు రేకు వేగంగా ముందుకూ వెనక్కూ ఊగుతుంది. అది ముందుకు వచ్చినప్పుడు ఎదుటి గాలి అణువుల్ని ఒత్తుతుంది, అక్కడ గాలి దట్టమవుతుంది. దాన్ని పుస్తకంలో సంపీడనం అంటారు. వెనక్కి పోయినప్పుడు అక్కడ గాలి పలచబడుతుంది. అది విరళీకరణం. దట్టం, పలచన, దట్టం, పలచన. ఈ వరుస పక్క గాలికి, ఆ పక్క గాలికి అందుతూ పోతుంది. ప్రతి అణువూ కొద్దిగా ముందుకు జరిగి, కొద్దిగా వెనక్కి జరిగి, ఉన్నచోటే ఉంటుంది. ఆ 'కొద్దిగా' ఎంతో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఇద్దరు మామూలుగా మాట్లాడుకుంటున్నప్పుడు మధ్యలో ఉన్న గాలి ఊగే దూరం తల వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు. గాలి ఒత్తిడిలో వచ్చే తేడా మామూలు ఒత్తిడిలో సుమారు 50 లక్షల వంతుల్లో ఒక వంతు. అంత చిన్న తోపును పట్టుకుని మన చెవి "ఇది మా అమ్మ గొంతు" అని చెప్పేస్తుంది. ఈ మాట క్లాసులో ఎన్నిసార్లు చెప్పినా నాకు కొత్తగానే ఉంటుంది.

తోపు అందుకోవడానికి పక్కన ఎవరూ లేకపోతే లైను అక్కడితో ఆగిపోతుంది. అందుకే శూన్యంలో ధ్వని లేదు. 17వ శతాబ్దంలోనే రాబర్ట్ బాయిల్ గాజు పాత్రలోంచి గాలి తోడేసి, లోపలి శబ్దం సన్నగిల్లిపోవడం చూపించాడు. చంద్రుడి మీద గాలి లేదు, అక్కడ దిగినవాళ్లు పక్కపక్కనే నిలబడి కూడా రేడియోలోనే మాట్లాడుకున్నారు.

ఇక్కడే పిల్లలకు ఇంకో తికమక వస్తుంది. తరంగం అనగానే వాళ్లకు చెరువులో అల గుర్తొస్తుంది. అల పైకీ కిందికీ ఉంటుంది కదా, మరి ధ్వని ముందుకూ వెనక్కూ అంటారేమిటి? సద్దుల బతుకమ్మ నాడు హనుమకొండ పద్మాక్షి గుట్ట కింద నీళ్లలో బతుకమ్మల్ని వదలడం చూసే ఉంటారు. ఎవరో పక్కన నీళ్లలోకి దిగితే అలలు లేస్తాయి. అవి బతుకమ్మల కిందినుంచి దాటుకుంటూ అవతలి గట్టుదాకా పోతాయి. బతుకమ్మ మాత్రం అల వచ్చినప్పుడు లేచి, పోయినప్పుడు దిగి, కొంచెం అటూ ఇటూ ఊగుతుంది. అల దాన్ని వెంట తీసుకుపోదు. అలా పూలను తోసుకుపోవాలంటే చేత్తో నీళ్లను నెట్టాలి, లేదా గాలి వీయాలి.

అంటే చెరువు అలకూ రైలు కూతకూ ఒక పోలిక ఉంది. రెండింటిలోనూ కదలిక పోతుంది, పదార్థం ఉన్నచోటే ఉంటుంది. తేడా ఊగే దిక్కులో ఉంది. బట్టలారేసే తాడును ఒక కొసన పట్టుకుని పైకీ కిందికీ జాడిస్తే మడత ముందుకు పోతుంది, తాడు మాత్రం పైకీ కిందికీ ఊగుతుంది. అది తిర్యక్ తరంగం. మేడారం లైను తోపు పోయే దిక్కులోనే మనుషులు ఊగుతారు. అది అనుదైర్ఘ్య తరంగం. గాలిలో ధ్వని ఈ రెండో రకం.

మరి సైన్సు పుస్తకంలో ధ్వని బొమ్మ వేసినప్పుడు పాములాగా మెలికల గీత ఎందుకు వేస్తారు? నన్నడిగితే పిల్లల్ని ఇంతగా తప్పుదోవ పట్టించే బొమ్మ ఇంకోటి లేదు. ఆ గీత ధ్వని ఆకారం కాదు. అది గ్రాఫు. ఎక్కడ గాలి దట్టంగా ఉందో అక్కడ గీత పైకి లేస్తుంది, ఎక్కడ పలచగా ఉందో అక్కడ కిందికి దిగుతుంది. జ్వరం చార్టులో గీత పైకి లేచిందంటే రోగి మంచం మీంచి లేచాడని అర్థం కాదు కదా. ఇదీ అంతే. దాని పక్కనే చుక్కలతో గాలి బొమ్మ కూడా గీసి, చుక్కలు దగ్గరగా ఉన్నచోట గీత శిఖరం వచ్చేలా కలిపి చూపిస్తే పిల్లలకు ఆ క్షణంలోనే వెలుగుతుంది. ఒక శిఖరం నుంచి పక్క శిఖరానికి ఉన్న దూరమే తరంగ దైర్ఘ్యం. ఒక సెకనులో ఎన్ని శిఖరాలు మనల్ని దాటిపోయాయో అదే పౌనఃపున్యం. దాన్ని హెర్ట్జ్‌లలో చెబుతాం. ఈ రెండింటినీ గుణిస్తే వేగం వస్తుంది. ఒక్కో పెట్టె పొడవు, సెకనుకు దాటే పెట్టెల సంఖ్య తెలిస్తే గూడ్సు బండి వేగం చెప్పవచ్చు. అదే లెక్క ఇది.

ఇప్పుడు డప్పు దగ్గరికి పోదాం. మనవైపు డప్పు కొట్టేవాళ్లు దరువు మొదలుపెట్టే ముందు గడ్డి మంట వేసి దాన్ని కాస్తారు. వేడికి తోలులో తేమ పోతుంది, తోలు బిగుసుకుంటుంది. బిగిసిన తోలు ఎక్కువ వేగంగా కంపిస్తుంది, సెకనుకు ఎక్కువసార్లు ఊగుతుంది. అప్పుడు డప్పు ఖంగున మోగుతుంది. వానలో తడిసి వదులైన డప్పు డబ్బుడబ్బుమంటుంది. ఇది పౌనఃపున్యంలో వచ్చిన తేడా. దాన్నే పుస్తకాలు కీచుదనం అంటాయి, పాడేవాళ్లు శ్రుతి అంటారు. ఇక కాచిన ఆ డప్పునే సిర్రతో మెల్లగా తట్టినా, గట్టిగా బాదినా శ్రుతి దాదాపు అదే ఉంటుంది. మారేది తోలు ఎంత దూరం ఊగిందన్నది. అది కంపన పరిమితి. దాన్నిబట్టి శబ్దం పెద్దదో చిన్నదో అవుతుంది.

ఈ రెండూ వేరువేరు సంగతులు. కానీ మన మాటల్లో రెండూ కలిసిపోయాయి. "గొంతు పెంచు" అంటే గట్టిగా పాడమనా, పై స్థాయిలో పాడమనా? రెండింటికీ అదే మాట వాడతాం. అందుకని నేను పిల్లలకు దోమనూ గేదెనూ చూపిస్తాను. దోమ రెక్కలు సెకనుకు కొన్ని వందలసార్లు కొట్టుకుంటాయి కాబట్టి దాని రొద కీచుగా ఉంటుంది, కానీ చెవి దగ్గరికి వస్తేగాని వినపడదు. గేదె అరుపు బొంగురుగా ఉంటుంది, కానీ వాడ చివరిదాకా వినిపిస్తుంది. కీచుగా ఉన్నది చిన్నగా ఉంది, బొంగురుగా ఉన్నది పెద్దగా ఉంది. ఇంక ఎప్పుడూ కలగలిపేయరు.

ఎనిమిదో తరగతి మగపిల్లలకు ఇంకో ఉదాహరణ వాళ్ల మెడలోనే ఉంటుంది. ఆ వయసులో స్వరతంత్రులు పొడుగవుతాయి, మందమవుతాయి. చిన్నపిల్లల్లో సెకనుకు సుమారు 300 సార్లు కంపించే తంత్రులు పెద్దయిన మగవాళ్లలో 100 నుంచి 130 సార్లు మాత్రమే కంపిస్తాయి. ఆడవాళ్లలో అది సుమారు 200. మారుతున్న రోజుల్లో గొంతు ఒకసారి కీచుగా, ఒకసారి బొంగురుగా పలుకుతుంది. క్లాసులో నవ్వుతారని చదవడానికి లేవని పిల్లల్ని చూశాను. అది జబ్బేం కాదు బిడ్డా, తీగ మందమవుతోంది, అంతే.

మన చెవికి 20 నుంచి 20,000 హెర్ట్జ్‌ల దాకా వినిపిస్తుంది. వయసు పెరిగేకొద్దీ పై హద్దు తగ్గుతుంది. 20 హెర్ట్జ్‌లకు కిందివి పరశ్రావ్యాలు, ఏనుగులు వాటితో దూరాన ఉన్న మందతో మాట్లాడుకుంటాయి. 20,000కు పైవి అతిధ్వనులు. పాత గుళ్ల చీకటి మూలల్లో వేలాడే చిన్న గబ్బిలాలు వాటిని వదిలి, తిరిగొచ్చిన ప్రతిధ్వనిని విని దారి చూసుకుంటాయి. మనం విడిగా గుర్తుపట్టగల ప్రతిధ్వని రావాలంటే గోడ కనీసం 17 మీటర్ల దూరంలో ఉండాలి. ఎందుకంటే రెండు శబ్దాలకు మధ్య సుమారు సెకనులో పదో వంతు ఎడం లేకపోతే చెవి వాటిని ఒకటిగానే వింటుంది. వరంగల్ కోట రాతిగోడ ముందు ఆ దూరం లెక్కపెట్టుకుని ఒక్క చప్పట కొట్టి చూడండి.

ఇక వేగం సంగతి. గట్టిగా అరిస్తే శబ్దం తొందరగా పోతుందని చాలామంది అనుకుంటారు. పోదు. దీనికి రుజువు పెళ్లి బరాత్‌లో ఉంది. రెండు వీధుల అవతల బ్యాండు వాయిస్తున్నారు. బొంగురు డ్రమ్మూ, కీచు సన్నాయీ, పెద్ద శబ్దం, చిన్న శబ్దం అన్నీ కలిసి బయలుదేరాయి. గట్టివి ముందు, మెల్లనివి వెనక చేరేవే అయితే మన ఇంటికొచ్చేసరికి దరువు తప్పిపోవాలి. ఎంత దూరంనుంచి విన్నా పాట పాటలాగే వస్తుంది. అంటే గాలిలో అన్నిటిదీ ఒకటే వేగం.

ఆ వేగాన్ని మార్చేది గాలి వేడి. ఒక్క డిగ్రీ పెరిగితే సెకనుకు సుమారు 0.6 మీటర్లు పెరుగుతుంది. మే నెలలో 44 డిగ్రీల మధ్యాహ్నం ధ్వని సెకనుకు 357 మీటర్లు పోతే, డిసెంబరు తెల్లవారుజామున 12 డిగ్రీల చలిలో 338 మీటర్లే పోతుంది. మెరుపు కనబడ్డాక ఉరుము వినబడేదాకా సెకన్లు లెక్కబెట్టి 3తో భాగిస్తే పిడుగు ఎన్ని కిలోమీటర్ల దూరంలో పడిందో తెలిసేది కూడా ఈ వేగం వల్లనే.

ధ్వని ఘనపదార్థాల్లో ఎందుకు వేగంగా పోతుందని అడిగితే "అణువులు దగ్గరగా ఉంటాయి కాబట్టి" అని రాస్తారు. మార్కులు పడతాయి కానీ అది సగం జవాబే. సీసం ఇనుము కంటే బరువైంది, సాంద్రత ఎక్కువ. అయినా సీసంలో ధ్వని వేగం ఇనుములో ఉన్నదాంట్లో సగం కూడా లేదు. అసలు సంగతి బిరుసుదనం. ఒత్తితే ఎంత గట్టిగా వెనక్కి తన్నుతుందన్నది ముఖ్యం. ఇనుము గాలి కంటే ఎంతో బరువు, కానీ అంతకంటే ఎన్నో రెట్లు బిరుసు. అందుకే దాంట్లో ధ్వని సెకనుకు 5,000 మీటర్లు దాటుతుంది. నీళ్లలో సుమారు 1,480. 1826లోనే జెనీవా సరస్సులో నీటి కింద గంట కొట్టి, అదే క్షణంలో తుపాకి మందు వెలిగించి, దూరాన పడవలో కాలం లెక్కగట్టి ఈ వేగాన్ని కొలిచారు.

భూపాలపల్లి, గోదావరిఖని వైపు ఓపెన్ కాస్ట్ గనుల దగ్గర ఇళ్లున్న పిల్లలకు ఈ పాఠం అక్కర్లేదు. బ్లాస్టింగ్ పెట్టినప్పుడు ముందు కాళ్ల కింద నేల అదురుతుంది, అల్మారాలో గిన్నెలు గలగలమంటాయి, ఆ తర్వాత ఢామ్మని వినబడుతుంది. పేలుడు ఒక్కటే. రాతిలో పోయే తోపు సెకనుకు కొన్ని వేల మీటర్ల వేగంతో వస్తుంది. గాలిలో తోపుకు రెండు కిలోమీటర్లు రావడానికి దాదాపు 6 సెకన్లు పడుతుంది.

సరే, మొదట ప్రశ్న వేసిన అమ్మాయి మాటలో ఇంకో ముక్క ఉంది. "రాత్రిపూట" అంది. పగలు కూడా రైళ్లు కూస్తాయి, మరి పగలు ఎందుకు వినపడదు? ఊళ్లో సందడి అని అంటాం. అది నిజమే, కానీ ఇంకా లోతైన కారణం ఉంది. చలికాలం రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది, దాన్ని అంటుకున్న గాలీ చల్లబడుతుంది. పైగాలి మాత్రం ఇంకా వెచ్చగా ఉంటుంది. వెచ్చటి గాలిలో ధ్వని వేగం ఎక్కువ. పీటీ గ్రౌండులో పిల్లలు చేతులు పట్టుకుని అడ్డవరుసలో నడుస్తుంటే, ఒక కొసనున్నవాళ్లు వేగంగా, ఇంకో కొసనున్నవాళ్లు నెమ్మదిగా నడిస్తే ఏమవుతుంది? వరుస మొత్తం నెమ్మదిగా ఉన్నవైపు తిరిగిపోతుంది. కూత కూడా అలాగే పైనుంచి నేలవైపు వంగి వస్తుంది. ఆకాశంలోకి పోవలసిన శబ్దం కూడా ఇళ్ల మీద దిగుతుంది. ఎండపూట దీనికి తిరగబడి ఉంటుంది. నేల దగ్గర గాలి వేడి, పైన చల్లన. కూత పైకి వంగి మన తలల మీదినుంచి పోతుంది.

డీజే గురించి చెప్పకుండా ఈ పాఠం ముగించడం నాకు చేతకాదు. ఊరేగింపు ఇంకా మూడు వీధుల అవతల ఉండగా మనకు పాట వినపడదు, ధన్ ధన్ మని దెబ్బ మాత్రం వినపడుతుంది. 50 హెర్ట్జ్‌ల బేస్ శబ్దానికి తరంగ దైర్ఘ్యం దాదాపు 7 మీటర్లు. అంత పొడుగు తరంగం గోడ మూల దగ్గర వంగి తిరిగి వస్తుంది, గోడను కూడా అదిరించి ఇవతలకు దాటుతుంది. 5,000 హెర్ట్జ్‌ల కీచు శబ్దానికి అది 7 సెంటీమీటర్లే, గోడ తగిలితే చాలావరకు అక్కడితో సరి. ఇంట్లో తలుపులు వేసుకున్నా గుండె దగ్గర ఆ దెబ్బ తెలియడానికి కారణం ఇదే.

శబ్దాన్ని డెసిబెల్స్‌లో కొలుస్తారు. ఇందులో ఒక మోసం ఉంది, గమనించాలి. 10 డెసిబెల్స్ పెరిగితే శబ్ద శక్తి 10 రెట్లవుతుంది. 20 పెరిగితే 100 రెట్లు, 30 పెరిగితే 1,000 రెట్లు. మామూలు మాట 60 అనుకుంటే, 100 డెసిబెల్స్ బాక్సు దాని కంటే రెండింతలు కూడా లేదు కదా అనిపిస్తుంది. నిజానికి చెవిలో పడే శక్తి 10,000 రెట్లు. చెవి లోపల, నత్తగుల్ల ఆకారంలో ఉండే భాగంలో, సుమారు 15,000 రోమకణాలు ఉంటాయి. గాలి తోపును నరాలకు అర్థమయ్యే సంకేతంగా మార్చేవి అవే. మనిషికి అవి చచ్చిపోతే మళ్లీ మొలవవు. 85 డెసిబెల్స్ దగ్గర రోజుకు 8 గంటలు హద్దు అంటారు, ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగమవుతుంది. ఆ లెక్కన 100 డెసిబెల్స్ దగ్గర 15 నిమిషాలే. నిమజ్జనం మర్నాడు మా క్లాసు పిల్లాడొకడు చెవుల్లో గుయ్యిమంటోందని రోజంతా తల పట్టుకుని కూర్చున్నాడు. రాత్రంతా బాక్సుల ముందే ఎగిరాడట. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్లుండే చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మాత్రమే ఉండాలి. పండుగ మనదే, పాట మనదే, చెవులూ మనవే. బాక్సులకు దూరం జరగండి. ఆరుబయట దూరం రెట్టింపయితే చెవికి చేరే శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది.

చివరగా, ఆ రైలు గురించే ఇంకొకటి. వేగంగా దాటిపోయే రైలు కూత దగ్గరికొచ్చేటప్పుడు ఒక శ్రుతిలో, దాటాక దానికంటే కింది శ్రుతిలో వినిపిస్తుంది. ఇంజన్ మనవైపు వస్తూ కూసినప్పుడు ప్రతి కొత్త తోపూ ముందుదాని కంటే కొంచెం దగ్గరినుంచి బయలుదేరుతుంది. తోపుల మధ్య ఎడం తగ్గి, సెకనుకు ఎక్కువ తోపులు చెవికి తగులుతాయి. దూరమవుతున్నప్పుడు ఎడం పెరుగుతుంది. 1842లో డాప్లర్ అనే శాస్త్రవేత్త ఇలా జరగాలని లెక్కతో చెబితే, 1845లో నెదర్లాండ్స్‌లో రైలుబండి మీద బాకాలు ఊదేవాళ్లను ఎక్కించి, పక్కన సంగీతం తెలిసినవాళ్లను నిలబెట్టి పరీక్షించారు. గంటకు 100 కిలోమీటర్లతో వచ్చే రైలు 400 హెర్ట్జ్‌ల కూత కూస్తే, వచ్చేటప్పుడు మనకు 435 హెర్ట్జ్‌లుగా, పోయేటప్పుడు 370 హెర్ట్జ్‌లుగా వినిపిస్తుంది. ఈసారి ఏదైనా చిన్న స్టేషన్‌లో ఆగకుండా పోయే బండి వస్తుంటే, ప్లాట్‌ఫామ్ మీద పసుపు గీతకు బాగా ఇవతల నిలబడి వినండి. ఇంజన్ మిమ్మల్ని దాటే క్షణంలో కూత కిందికి జారుతుంది. ఇంజన్‌లో కూర్చున్న డ్రైవర్‌కు మాత్రం మొదటినుంచి చివరిదాకా అది ఒకే శ్రుతిలో వినిపిస్తూ ఉంటుంది.